సూదికి తగలని పాలు

ఎడారి మొక్కల పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడిగేవారు: "మేడమ్, దీంట్లకెంచి ఎన్ని బిట్లొస్తయ్?" నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. కిటికీలు తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. ఆ గదిలో గొంతు చించుకుని, చుక్క నీరు లేని చోట మొక్క ఎన్ని తిప్పలు పడి బతికిందో నేను చెబుతుంటే, వాళ్ళకి కావలసింది నాలుగు జవాబుల్లో ఏది కరెక్టో అంతే. పాపం, వాళ్ళననీ ఏం లాభం లేదు. ఎడారి అంటే వాళ్ళకి సినిమా పాటలో వెనకాల కనిపించే ఇసుక. ఒక్కరైనా జెముడు కొమ్మని ముట్టుకుని ఎరగరు.

వాళ్ళకి చూపించడానికని మన్సూరాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి డాబా మీద కుండీలు పెట్టడం మొదలుపెట్టాను. హయత్‌నగర్ వెళ్ళే దారిలో నర్సరీల్లో ఒక్కొక్కటే కొని తెచ్చేదాన్ని. గుండ్రటివి, స్తంభాల్లాంటివి, చపాతీల్లా చదునుగా ఉన్నవి. ఉద్యోగరీత్యా ఖమ్మంలో ఉండే మా ఆయన, వచ్చినప్పుడల్లా డాబా ఎక్కి చూసి, "ఇంట్లో ముళ్ళున్నది ఒక్కటి చాలదనా ఇన్ని తెచ్చావు?" అనేవాడు. కాఫీ ఇవ్వడం మానేస్తే దారికొచ్చేవాడు.

కింద పోర్షన్‌లో ఒకమ్మాయి ఉండేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ. ఆమె మగ్గం పని చేసేది. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, దాని ముందు కింద కూర్చుని, సన్నటి సూదితో జరీ, పూసలు, ముత్యాలు కుట్టడం. పెళ్ళికూతుళ్ళ జాకెట్లన్నీ ఆమె చట్రం మీదే ఉండేవి. ఒక నెమలి ఈకకి పట్టే కుట్లు చూస్తే నాకు కళ్ళు తిరిగేవి. ఆమె మాత్రం పక్కన చర్చి పాటలు పెట్టుకుని పొద్దస్తమానం అలా కుడుతూనే ఉండేది. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేది. నేను కృష్ణా అవతలి మనిషినని ఆమెకి తెలుసు, నా మాట తీరుని వెక్కిరించేది కూడా. "ఏంటండీ, ఎలాగండీ" అని దీర్ఘాలు తీసి నవ్వేది.

బట్టలు ఆరెయ్యడానికి పైకొచ్చినప్పుడు కుండీల దగ్గర నిలబడి అడిగింది ఒకసారి. "అక్కా, గివన్నీ ఒక్క తీర్గనే ఉన్నయి గదా. పేర్లెందుకు వేరే వేరే?"

బిట్ల కోసం కాకుండా నన్ను అలా అడిగిన మొదటి మనిషి. ఇక ఆగుతానా? అక్కడే పిట్టగోడ మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కాక్టస్ జాతి అంతా అమెరికా ఖండాలది. మన పల్లెల్లో కంచెలకి ఉండే నాగజెముడు కూడా అక్కడిదే, తెల్లవాళ్ళ ఓడల్లో వచ్చింది. బొమ్మజెముడు మాత్రం మనదే, దాని చుట్టాలు ఆఫ్రికా నిండా ఉన్నాయి. రెండూ రెండు వేరు వంశాలు, మధ్యలో మహాసముద్రం. అయినా అక్కడా ఇక్కడా కరువు ఒకటే కాబట్టి, లక్షల ఏళ్ళలో రెండూ ఆకులు వదిలేసుకున్నాయి, కాండంలో నీళ్ళు దాచుకున్నాయి, ముళ్ళు తొడుక్కున్నాయి. పగలంతా రంధ్రాలు మూసుకుని చీకటి పడ్డాకే గాలి పీల్చుకోవడం నేర్చుకున్నాయి. చివరికి పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా కనిపిస్తాయి.

"మరి నీకెట్ల తెలుస్తది ఏది ఏందో?"

"జెముడు జాతికి పాలుంటాయి. గిల్లితే తెల్లగా కారతాయి. కాక్టస్‌కి నీళ్ళే. పాలున్నవాటి జోలికి మాత్రం పోకు, చర్మం బొబ్బలెక్కుతుంది."

"నాకు తెల్వదా? మా ఊర్ల మేకలు గూడ ముట్టయి" అంది. ఆమెకి బొమ్మజెముడు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలియనివి నర్సరీ వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, అన్నిటికీ కలిపి కాక్టస్ అని పేరు పెట్టి అమ్మేవి.

ఆ యేడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, ఆఫీసుల్లేవు, కోచింగ్ సెంటర్లకి తాళాలు. బొగ్గు గనుల్లో పని ఆగిపోయి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాను. కింద ఆమె మాత్రం ఆశ మీద ఉంది. ఎల్బీనగర్ వైపు ఒక చిన్న మడిగె కిరాయికి మాట్లాడుకుంది. సమ్మె అయిపోగానే షట్టరెత్తాలి, క్రిస్మస్, పెళ్ళిళ్ళ గిరాకీ అందుకోవాలి. ఇంట్లో చట్రం ముందు కూర్చుని కుట్టే పని కాస్తా తన పేరు రాసిన బోర్డు కింద దుకాణం అవుతుంది. మాటల్లోనే రోజుకొకసారి ఆ బోర్డు రంగు మార్చేది.

దుకాణం అన్నాక దిష్టి తగలకుండా గుమ్మానికి ఏదో ఒకటి కట్టాలి కదా. ఇక్కడ చాలా షట్టర్లకి కలబందో, జెముడు కొమ్మో తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. మట్టీ నీళ్ళూ లేకుండా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది గనక, దాని ప్రాణం గట్టిదని జనానికి నమ్మకం. "అక్కా, నీ తాన ముళ్ళు మస్తుగున్న కాక్టస్ కొమ్మ ఒకటియ్యి. మా పాస్టరయ్యకు మాత్రం చెప్పకు" అంది ఒకరోజు. "ఇస్తాలే, షట్టరెత్తే రోజు చూద్దాం" అన్నాను.

ఆమెకి ఆ రోజుదాకా ఆగే ఓపిక లేదు. ఆ మధ్యాహ్నం నేను బట్టలు తీయడానికి పైకి వెళ్ళేసరికి కూరగాయల కత్తి పట్టుకుని మూల కుండీ దగ్గర వంగి ఉంది. నా భుజం దాకా పెరిగిన మొక్క అది. నిలువు గట్లు, గట్ల వెంట జంట ముళ్ళు, చూస్తే ఎవరైనా కాక్టస్ అనే అంటారు. ఆఫ్రికా జెముడు. "ఏయ్, అది కాదు!" అని నేను అరవడం, కత్తి దిగడం ఒకేసారి జరిగాయి. పాలు చివ్వున చిమ్మి ఆమె చెంప మీద, కంట్లో పడ్డాయి. ఆ కంగారులో అదే చేత్తో కన్ను తుడుచుకుంది.

"పాలు లేవక్కా, గుచ్చి సూశ్న! సూదితోని గుచ్చి సూశ్న!" అని అరుస్తోంది. నిజంగానే చూసింది. పనికి వాడే సూదితో, మొక్కని పాడుచెయ్యకూడదని, అడుగున ముదిరి బెరడు కట్టిన చోట గుచ్చింది. అక్కడ పాలు రావు. రెండుసార్లు గుచ్చి, నీళ్ళ చెమ్మ కూడా లేకపోయేసరికి ఎండకి ఆరిపోయిందేమో అనుకుని, పైన లేత కొమ్మకి కత్తి పెట్టింది. ఎంత జాగ్రత్తగా చేసిందో చూడండి. నాకు ఏడుపొచ్చింది.

నీళ్ళు. వెంటనే ధారగా కడగాలి, చాలాసేపు కడగాలి. నాకు తెలిసింది అంతే. డాబా మీద కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది. పొద్దున్నుంచి కరెంటు లేదు, మోటారు ఆడలేదు, ట్యాంకు అడుగంటింది. ఆమెని నడిపించుకుంటూ కిందికి తెచ్చి, నా ఇంట్లో మంచినీళ్ళ క్యాను మొత్తం వంచేశాను. దాంట్లో ఉన్నదే కొంచెం. ఇంటి ఓనరమ్మ, యాభై దాటిన మనిషి, తన బిందె మోసుకొచ్చింది. అదీ అయిపోయింది. కన్ను చింతనిప్పులా ఎర్రబడి, రెప్ప వాచిపోయింది.

"చనుబాలు పొయ్యాలె. సల్లగైతది" అంది ఓనరమ్మ. ఆమె కూతురు పురిటికి వచ్చి, బిడ్డతో ఇంట్లోనే ఉంది. "వద్దు పెద్దమ్మా, అవేవీ పొయ్యకూడదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం" అన్నాను. "నీ చదువు నీ తాన ఉంచుకో! మేము పుట్టినకాడి నుంచి గిదే చేస్తున్నం" అని కసిరింది. నేనూ గొంతు పెంచాను. మా ఇద్దరి మధ్య ఆ పిల్ల నేల మీద కూర్చుని, "పొయ్యుండ్రి, ఏదో ఒకటి పొయ్యుండ్రి, మండుతున్నది" అని గోడకేసి తల కొట్టుకుంటోంది. బాలింత ఉగ్గుగిన్నెలో తెచ్చింది. పోశారు. ఆ పిల్ల ఒక్క నిమిషం చల్లబడి, నిజంగా నవ్వింది. నేను పక్కన నిలబడి చూశాను. జెముడుకి పాలు ఎందుకు పుట్టాయో, ఏ ఖండంలో పుట్టాయో చెప్పమంటే గంట చెప్పగలను. కంట్లో పడితే ఏం చెయ్యాలో చెబితే వినేవాళ్ళు లేరు.

నవ్వు ఎంతోసేపు లేదు. ఆటోలు లేవు గనక నడిచే బయల్దేరాం. ఎల్బీనగర్ చౌరస్తాకి చేరేసరికి హైవే మీద ఉద్యమకారుల వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు, గుండిగల్లో అన్నం ఉడుకుతోంది, మైకులో పాటలు, గులాబీ కండువాలు, ఎక్కడ చూసినా జనం. "నువ్వు నోరు తెర్వకక్కా, నేను మాట్లాడ్త" అంది ఆమె, కొంగు కంటికి అదుముకుని. నా మంచికే చెప్పింది. ఎవరూ నన్నేమీ అన్నది లేదు, అంటారని భయం మాత్రం నిండా ఉంది. ఆ రోజుల్లో కూరగాయల బండి దగ్గర కూడా వేలితో చూపించి కొనేదాన్ని.

జనం మధ్యకి వచ్చాక ఆమె మాట్లాడలేకపోయింది. రోడ్డు మీదే కూలబడింది. ఇక భయమేంటి, నా బొంద. "నీళ్ళండీ! కొంచెం నీళ్ళివ్వండి, కంట్లో జెముడు పాలు పడ్డాయండీ!" అని గావుకేక పెట్టాను. చుట్టూ ఉన్న తలలన్నీ తిరిగాయి. గుండిగ దగ్గర గరిట తిప్పుతున్న పెద్దావిడ నన్ను కిందికీ మీదికీ చూసి, గరిట పక్కన పెట్టి, వంటకి తెచ్చుకున్న నీళ్ళ డ్రమ్ములో చెంబు ముంచింది. ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని చెంబు తరవాత చెంబు పోస్తూనే ఉంది.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది నన్ను, తల ఎత్తకుండా.

"గుంటూరు దగ్గరండీ."

"ఊఁ" అని ఇంకో చెంబు ముంచింది.

కండువా వేసుకున్న ఒకాయన బండి తీశాడు. మమ్మల్నిద్దరినీ ఎక్కించుకుని, "జరుగుండ్రి, దవాఖానకు పోతున్నం" అని అరుచుకుంటూ కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న కంటి ఆసుపత్రి ముందు దించాడు. పేరడిగే లోపే వెళ్ళిపోయాడు. డాక్టరు కన్ను కడిగి, చుక్కలు వేసి, కట్టు కట్టి, "ఇప్పుడే ఏం చెప్పలేం. చూద్దాం" అన్నాడు. చూద్దాం అనే మాటని నేను అంతకుముందు అంతగా అసహ్యించుకోలేదు.

తరవాత రోజులన్నీ చూద్దాం రోజులే. కుడికన్నుకి కట్టు, ఎడమకన్నుకి కూడా పని చెప్పొద్దన్నారు. చట్రం మీద పెళ్ళికూతురి జాకెట్టు సగం నెమలితో ఆగిపోయింది. భర్త లారీ ఎక్కడో మహారాష్ట్రలో నిలిచిపోయింది. నేను వండి తీసుకెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. ఇంకేం చెయ్యగలను?

"అక్కా, గా చెట్టుకు పాలెందుకు? నా కన్ను తీస్తందుకా?"

చెప్పాను. నీళ్ళు పుష్కలంగా ఉన్న చోట ఆకు పోతే ఇంకో ఆకు వేసుకోవచ్చు. ఎడారిలో ఒక్క కొమ్మ పోయినా దాచుకున్న నీళ్ళు పోతాయి, మళ్ళీ వాన ఎప్పుడో. అందుకని కొరికినవాడు రెండోసారి రాకూడదు. కొన్ని ముళ్ళతో సరిపెట్టుకున్నాయి. ఇది ముళ్ళూ పెట్టుకుంది, పాలూ పెట్టుకుంది.

"ఆఫ్రికాల పుట్టింది, మన్సూరాబాద్‌ల ఏం పని దానికి?"

"నేనే తెచ్చి పెట్టుకున్నాను."

"అంటే సెట్లరన్నట్టు" అని పకపకా నవ్వింది. "నన్నే అంటున్నావా?" అంటే, "లే అక్కా, నువ్వు కృష్ణ దాటొచ్చినవ్, గది సముద్రం దాటొచ్చింది. నీకంటె మొండిది" అంది. కట్టు కట్టుకుని కూడా దాని నోరు ఊరుకోదు.

దసరా నాడు ఓనరమ్మ జమ్మి ఆకు తెచ్చి మా చేతుల్లో పెట్టి, "బంగారం" అంది. ఇక్కడి ఆనవాయితీ అది. రాజస్థాన్ ఎడారిలో జనానికీ ఒంటెలకీ ఆధారం ఈ జమ్మిచెట్టేననీ, వేరు పాతాళానికి పంపి నీళ్ళు తెచ్చుకుంటుందనీ, అక్కడి నుంచి అరేబియా దాకా ఉంటుందనీ నేను మొదలుపెట్టాను. ఓనరమ్మ నోరు తెరుచుకుని వింది. చనుబాల తగాదా తరవాత మేం మాట్లాడుకోవడం అదే. ఆ పిల్ల మాత్రం ఆకుని వేళ్ళతో తడుముతూ, "జమ్మి ఆకు ఇంత సన్నగుంటదా? కుట్టాల్నంటె ఒక్క వరసనే సాలు" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా గంటలకొద్దీ వేచి ఉండాలి. డాక్టరు గది తలుపుకి ఒక పరదా, పరదా అవతల గోడకి అక్షరాల బోర్డు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, ఆయమ్మ కర్ర పెట్టి చూపిస్తుంటే పైనుంచి కిందికి గట్టిగా చదివేవారు. మా బెంచీకి అన్నీ వినిపించేవి. ఆమె వెనక్కి ఆనుకుని, మంచి కన్ను కూడా మూసుకుని కూర్చునేది. పెదవులు కదిలేవి. ప్రార్థన చేసుకుంటోందనుకుని నేను కదిపేదాన్ని కాదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు యంత్రంలోంచి చాలాసేపు చూశాడు. "నల్లగుడ్డు మీద సన్నటి మచ్చ పడింది. ఇప్పుడు చదివిద్దాం. చూపు తగ్గి ఉంటే పెద్దాసుపత్రికి రాస్తాను. కొన్ని నెలలు తిరగాల్సి ఉంటుంది. అప్పటిదాకా సూది పట్టుకోకూడదు" అన్నాడు.

ఆయమ్మ ఆమె ఎడమకన్నుకి అట్టముక్క అడ్డం పెట్టి, కర్ర తీసుకుంది. ఆమె చదవడం మొదలుపెట్టింది. మొదటి వరుస, రెండోది, మూడోది, ఎక్కడా తడబడలేదు. నా ప్రాణం లేచొచ్చింది. దేవుడా అనుకున్నాను. అంతలో కర్ర వైపు చూశాను. కర్ర ఇంకా మూడో వరుస చివర ఉంది. ఆమె నాలుగోది చదివేస్తోంది.

"వెరీ గుడ్" అన్నాడు డాక్టరు. "పెద్దాసుపత్రి అక్కర్లేదు."

"ఆగండి డాక్టరుగారూ! ఆమెకి కనిపించట్లేదు. వినీ వినీ బట్టీ పట్టింది. వేరే బోర్డు ఉంటే చదివించండి."

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఏమ్మా, కనిపిస్తోందా?"

"మంచిగ కనిపిస్తున్నది సార్" అంది ఆమె, నవ్వుతూ. "మా అక్క కోచింగ్ టీచరు సార్. అందరు బట్టీ పడ్తరనుకుంటది."

ఆయమ్మా, పరదా అవతల బెంచీల వాళ్ళూ ఘొల్లున నవ్వారు. డాక్టరూ నవ్వాడు. బంద్‌ల వల్ల ఆగిపోయిన జనమంతా బయట తోసుకుంటున్నారు. చుక్కల మందు రాసి, తరవాతి వాళ్ళని పిలిచాడు.

బయటికి రాగానే ఆమె చెయ్యి పట్టుకుని గుంజాను. "పద లోపలికి. పద, చెబుతాను. నీకేమైనా పిచ్చా? నీ కన్నే అది!"

ఆమె కదల్లేదు. "నెలలు కూసుంటె నాకు పనెవ్వరిస్తరక్కా? కన్ను పోయిందని ఒక్కలకెరుకైనా జాకెట్ గుడ్డ చేతికియ్యరు. ఎడమది మంచిగున్నది. దానితోనె కుడ్త. నువ్వు ఎవ్వరికి చెప్పకు."

"ఒక్క కంటితో ఆ పని ఎన్నాళ్ళు చేస్తావే? అదీ పాడైతే?"

సమ్మె ముగిసి బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద జనం మమ్మల్ని రాసుకుంటూ పోతున్నారు. ఆమె తనంతట తానే ఎడమకన్నుని అరచేత్తో మూసుకుని, నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"నువ్వున్నవని తెలుస్తున్నదక్కా. చీర తెలుస్తున్నది. మొఖమే తెలుస్తలేదు" అంది. "నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"నవ్వుతున్నానే" అన్నాను.